మడినీళ్ల బిందె

పొద్దున్నే మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే, బయలుదేరిన పని మానుకుని ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చునే ఊరది. అదే ఆడది తడిచీరతో, చంకలో రాగిబిందెతో వస్తుంటే మాత్రం వీధికి వీధే గోడలకు అతుక్కుని దారిచ్చేది. మనుషుల శకునాలకు అంత న్యాయం! రాధాబాయికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఆమె బిందె లేకుండా గడప దాటేది కాదు.

ఊరి పేరు హిరేబావి. ఆదోని నుంచి హొళగుంద పోయే బస్సు దిగి, జొన్నచేల మధ్య కాస్త నడిస్తే వస్తుంది. రాధాబాయి భర్త వెంకోబారావు ఆ ఊరి బడిపంతులు. కూతురు కృష్ణాబాయి ఇంకా పరికిణీలు కట్టుకునే వయసులోనే ఆయన జ్వరంతో పోయాడు. రాధాబాయి తలవెంట్రుకలు తీయించుకుంది. మరిది భీమరావు ప్రాణదేవరు గుడి, అంటే ఆంజనేయుడి గుడి పూజారి. ఆయన ఇంట్లో వెనకగది ఒకటి తల్లీకూతుళ్లకు మిగిలింది.

దేవుడి అభిషేకానికీ ఇంటి వంటకూ మడినీళ్లు తేవడం రాధాబాయి పని. తెల్లవారకముందే తల మీద నీళ్లు పోసుకుని, ఆ తడిబట్టతోనే, ఎవరినీ తాకకుండా, ఎవరితోనూ పలకకుండా ఊరి దిగుడుబావికి పోవాలి. నాపరాతి మెట్లు దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి. తోలు తగిలిన నీళ్లు మడికి పనికిరావు. కరువు సంవత్సరంలో కూలివాళ్ల పేటలో సర్కారువాళ్లు బోరింగు వేశారు. దాని కడుపులో తోలు వాషరు ఉంటుందని ఎవరో అన్నప్పటి నుంచి రాధాబాయి ఆ దిక్కుకు చూడను కూడా చూడలేదు. ఆమెకు ఊళ్లో మిగిలిన పెద్దరికమల్లా ఆ బిందె. ప్రాణదేవరు తన నీళ్లతో స్నానం చేస్తాడన్న ఒక్క మాట మీద ఆమె బతుకు నిలబడి ఉండేది.

అలాంటి మనిషి కూతురిని కాలేజీకి పంపిందంటే ఎవరూ నమ్మరు. ఆడపిల్లను ఊళ్లు తిప్పడమెందుకు, పెళ్లి చేసి పంపేద్దాం వదినా అని భీమరావు చాలా చెప్పి చూశాడు. వెంకోబారావు పోతూ పోతూ పిల్లను చదువు మాన్పించవద్దని అన్నాడట. రాధాబాయి ఆ మాట పట్టుకుని కూర్చుంది. అన్నం ముట్టలేదు, మరిదితో వాదించలేదు. ఆమె మొండితనం అంతా మౌనంలోనే ఉండేది. చివరికి భీమరావే విసిగి, మీ ఇష్టం అని చేతులెత్తేశాడు.

అలా కృష్ణాబాయి రోజూ బస్సెక్కి ఆదోని పోయి ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ. చదివింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి జిన్నింగు మిల్లుల దూది జడలో చిక్కుకుని ఉండేది. తల్లి దూరంగా కూర్చుని, తాకకుండా, ఇక్కడుంది, అక్కడుంది అని వేలితో చూపిస్తే కూతురు ఏరి పారేసేది. కాలేజీ నుంచి వచ్చిన పిల్ల మైల కదా, ముట్టుకుంటే మళ్లీ తలస్నానం.

కృష్ణ చేరిన ఏడాదే కాలేజీలో చరిత్ర, ఆర్థికశాస్త్రాల పక్కన ప్రజారోగ్యం అని ఒక కొత్త సబ్జెక్టు పెట్టారు. డాక్టరూ కారు, నర్సూ కారు, ఈ చదువు చదివి దోమలు లెక్కపెట్టుకుంటారా అని మగపిల్లలు వేళాకోళం చేసేవాళ్లు. చేరింది గుప్పెడు మంది. చెప్పేవాడు ఇశ్రాయేలు సారు. ఎమ్మిగనూరు దగ్గర కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, కొన్నాళ్లు మశూచి టీకాలు వేస్తూ ఊళ్లు తిరిగి, ఆ తరువాత ఎం.ఏ. చేసిన మనిషి. మంచంలో పడినవాడికి మందిచ్చేది డాక్టరు, వీధిలో అందరూ ఒకే మంచం ఎందుకెక్కుతున్నారో అడిగేది మనం అని మొదటి రోజే చెప్పాడు. కృష్ణకు ఆ మాట ఎక్కడో తగిలింది. వాళ్ల నాన్న ఎందుకు పోయాడని ఎవరూ అడగలేదు కదా. దేవుడు రాసిపెట్టాడు, అంతే అన్నారు.

చివరి ఏడాది వేసవిలో సారు ఒక పని పెట్టాడు. ఎవరి ఊరికి వాళ్లు పోయి, ఏదైనా ఒక రోగం గురించి ఇల్లిల్లూ అడిగి, అది ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు చూసి రమ్మన్నాడు. కృష్ణ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. హిరేబావిలో ఎండలు ముదిరితే నారికురుపు రాని ఏడాది లేదు. కాలి మీద పొక్కు లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పొక్కు పగిలితే లోపలి నుంచి దారప్పోగు లాంటి తెల్లటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు కాస్త కాస్తగా, తెగకుండా లాగాలి. తెగిందా, కాలు వాచి చీము పట్టి మనిషి మూలన పడతాడు. సరిగ్గా పొలం పనులప్పుడే ఊరు ఊరంతా కుంటుకుంటూ తిరిగేది. అయినా దాన్ని రోగమని ఎవరూ అనుకోలేదు. ఎండాకాలం వస్తే ఎండ, నారి వస్తే నారి.

కృష్ణ ఊరంతా తిరిగింది. బావినీళ్లు తాగే వీధుల్లో నారి లేని ఇల్లు లేదు. కూలివాళ్ల పేటలో మాత్రం ఏ కాలూ చెడలేదు. అక్కడ ఉండే హనుమంతమ్మ భీమరావు చేలో కూలి చేసేది. మీకు ఎందుకు రాలేదంటావ్ అని కృష్ణ అడిగితే ఆమె నవ్వింది.

"మాకు బావి యాడిదమ్మయ్యా? దిగనిస్తే కదా మీరు. బోరింగు కొట్టుకుంటాం, తాగుతాం."

కృష్ణకు ఆ క్షణంలో కలిగింది సంతోషమే. దాచుకోవడమెందుకు, లెక్క తేలిన పిల్లకు కలిగే సంతోషం. పేటవాళ్ల వల్లనే ఊరికి రోగాలన్నీ అని చిన్నప్పటి నుంచి విన్నది. తీరా చూస్తే అందరికంటే మడిగా కాపాడుకునే నీళ్లలోనే పురుగుంది.

తల్లి తాగే నీళ్లు ముందు బాగుచేయాలనుకుంది. వడగడితే చాలు, పురుగును మోసే సన్నటి నలుసులు గుడ్డలో ఆగిపోతాయని సారు చెప్పాడు. ఎమ్మిగనూరు పోయి మగ్గం మీద నేసిన ఒత్తు గుడ్డ తెచ్చింది. రాధాబాయి దాన్ని దూరం నుంచి చూసి తల అడ్డంగా ఆడించింది. కొత్త గుడ్డకు గంజి పెట్టి ఉంటారు, గంజి అంటే ఉడికిన అన్నం, ముసురె, ఆ అంటు మడినీళ్లకు తగలరాదు. చదువుకున్న పిల్లకు ఈ మాత్రం తెలియదా అని మందలించింది కూడా. కృష్ణ ఆ గుడ్డను నానబెట్టి, ఉతికి, ఆరేసి, మళ్లీ ఉతికింది. చేతులు ఒరుసుకుపోయాయి. చివరికి రాధాబాయి తానే ఒకసారి మడితో తడిపి, బిందె మూతికి కట్టింది. ఆ రోజు భీమరావు భార్యతో ఆమె, మా కృష్ణ చదువు ఇది అని చెప్పడం కృష్ణ చెవిన పడింది. తల్లి నోట అటువంటి మాట ఆమె మరెప్పుడూ వినలేదు.

అయితే సారు ఇంకో మాట అన్నాడు. తాగే ఇల్లు బాగుపడొచ్చు గానీ, బావిలోకి పురుగు ఎలా వస్తోంది? నారి పగిలిన కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లలు వదులుతుంది. అంటే పుండు కాలితో ఎవరో బావిలో దిగుతున్నారు. వాళ్లను ఆపితే ఊరు బతుకుతుంది.

ఎవరు దిగుతున్నారో చూద్దామని కృష్ణ తెల్లవారుజామున తల్లి వెనకే పోయి గట్టు మీద కూర్చుంది. మిగతావాళ్లలో కాళ్లు చెడినవాళ్లు పైమెట్ల మీదే ఆగి, ఇంట్లో ఇంకొకరిని దింపుతున్నారు. రాధాబాయి కిందికి దిగింది. నీళ్లలో నిలబడగానే ఆమె ముఖంలో ఒక హాయి కనిపించింది. మంట చల్లారినవాళ్ల ముఖం అది. బిందె ఎత్తుకుని పైకి వస్తుంటే తడిచీర కుచ్చెళ్లు పక్కకు జరిగాయి. చీలమండకు పాతగుడ్డ పీలిక చుట్టి ఉంది.

ఇంటికి వచ్చేదాకా కృష్ణ మాట్లాడలేదు. మడిలో ఉన్న మనిషితో మాట్లాడరాదు కదా. గదిలో తలుపు వేసి, కాలు చూపించమంది. రాధాబాయి చీర కిందికి లాక్కుంది. కూతురు బలవంతంగా కుచ్చెళ్లు ఎత్తింది. పుల్లకు చుట్టిన నారి, చుట్టూ ఎర్రగా పొంగిన చర్మం.

"ఎవరికీ చెప్పొద్దే తల్లీ. పుండున్న ఒంటికి మడి లేదు. మీ చిన్నాయన బిందె తీసేసుకుంటాడు. అదొక్కటీ పోతే నేనెందుకే ఈ ఇంట్లో?"

కృష్ణ ఏడ్చింది, బతిమాలింది, కాళ్లు పట్టుకుంది. నారి పూర్తిగా వచ్చేదాకా జ్వరమని చెప్పి పడుకోమంది. రాధాబాయి సరేనంది. మరునాడు కృష్ణ నిద్ర లేచేసరికి బిందె నిండుగా ఉంది, మూతికి ఎమ్మిగనూరు గుడ్డ కట్టి ఉంది, తల్లి ఏమీ ఎరగనట్టు తులసి దగ్గర కూర్చుని ఉంది. ఆ పిచ్చితల్లి తన ఇంటి నీళ్లు కూతురు చెప్పినట్టే వడగడుతోంది, ఊరి నీళ్లలో మాత్రం కాలు పెడుతోంది. ఆమె దృష్టిలో రెండూ దేవుడి పనే.

ఆ వేసవిలోనే బోరింగు చెడింది. తోలు వాషరు అరిగి నీళ్లు రావడం మానేసింది. పేటలో పసిపిల్లలు దాహానికి ఏడుస్తుంటే హనుమంతమ్మ మసకచీకట్లో బావిలో దిగి ఒక కడవ ముంచుకుపోయింది. ఎవరో చూశారు. పేదవాడి తప్పు పెద్దగా కనబడుతుంది. ఊరి పెద్దలు భీమరావు అరుగు మీద కూర్చుని హనుమంతమ్మను పిలిపించారు. ఆ రోజే ఇశ్రాయేలు సారు భూతద్దమూ, గాజుపాత్రా పట్టుకుని నీళ్లలో నలుసులు చూపించడానికి ఊరికి వచ్చాడు. ఆయనను అరుగెక్కమని ఎవరూ అనలేదు. ఎండలో, వీధిలోనే నిలబడి చెప్పాల్సింది చెప్పాడు. పుండు కాలు నీళ్లలో పడితేనే ఈ రోగం అన్నాడు. చెప్పబోయే ముందు కృష్ణను పక్కకు పిలిచి, మన చదువులో మనుషుల పేర్లు చెప్పే పని లేదమ్మా, రోగం ఎలా వస్తుందో చెబితే చాలు అని హెచ్చరించాడు కూడా. కృష్ణ తల ఊపింది.

కానీ భీమరావు ఆ మాటే అందుకున్నాడు. ఇంకేం, తేలిపోయింది కదా, దీని కాలు పడే బావి చెడింది అన్నాడు. హనుమంతమ్మ చీర పైకెత్తి, నా కాళ్లు సూడండి సామీ, ఒక్క పుండైనా ఉంటే అడగండి అని మొత్తుకుంది. ఒక్కరూ చూడలేదు. ఆమె ఇంటివాళ్లకు ఇక ఊళ్లో ఎవరూ పని ఇవ్వకూడదని, పేటవాళ్లు ఈ వీధి తొక్కకూడదని తీర్పు చెప్పబోయారు. పనుల కాలంలో పని లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. సారు ఏదో అనబోతే, నువ్వు నోరు మూసుకో అన్నారు.

కృష్ణ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె వెనక చీకటిగదిలో రాధాబాయి ఉంది. ఆ రెండడుగుల మధ్య ఆ పిల్ల పడిన నరకం ఎవరికి అర్థమవుతుంది? చెబితే తల్లి పోతుంది, చెప్పకపోతే హనుమంతమ్మ పోతుంది. నిజం నిష్ఠూరం అంటారు గానీ, ఆ నిష్ఠూరం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పరు.

"చిన్నాయనా, బావిలో పుండు కాలు పెడతాండేది హనుమంతమ్మ కాదు. మా అమ్మ" అంది కృష్ణ.

లోపల రాగిబిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

రాధాబాయి కూతురిని తిట్టలేదు. తిడితే బాగుండేదని కృష్ణ జీవితమంతా అనుకుంది. హనుమంతమ్మను ఎవరూ ఏమీ అనకుండా పంపేశారు, క్షమించమని కూడా అనలేదు. భీమరావు గుడిలో సంప్రోక్షణ చేయించి, బిందె తన భార్య చేతికిచ్చాడు. రెండో రోజు పొద్దున రాధాబాయి ఖాళీ చేతులతో వీధిలోకి వచ్చింది. ఎద్దులతో పొలానికి పోతున్న మనిషి ఆమెను చూసి, ఎద్దుల్ని మళ్లించుకుని ఇంటికి పోయాడు. ఆమె మళ్లీ తనంతట గడప దాటలేదు.

పుండు తొందరగా మానితే బిందె మళ్లీ తన చేతికి వస్తుందని ఆశపడినట్టుంది. ఒక మధ్యాహ్నం తానే నారిని గట్టిగా లాగింది. అది లోపల తెగింది. కాలు తొడ దాకా వాచింది. ఆదోని ఆసుపత్రిలో కోసి చీము తీశారు. ప్రాణం దక్కింది గానీ మోకాలు వంగి బిగుసుకుపోయింది. అటు తరువాత రాధాబాయి ఆ వెనకగదిలోనే, గోడకు ఆనుకుని బతికింది. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయట. ఊళ్లో ఆడవాళ్లు ఈ సామెత కృష్ణ వినేలాగే అనేవాళ్లు.

కృష్ణ బి.ఏ. మంచి మార్కులతో పాసయింది. సబ్జెక్టులో మొదటిదని కాలేజీలో చప్పట్లు కొట్టారు. ఆమె వేదిక దిగి వెనక వరసలో కూర్చుని, ఇశ్రాయేలు సారుతో, నేను చదవకుండా ఉంటే మా అమ్మ నడుస్తుండేది సార్ అంది. ఆయన ఆమె పక్కన కుర్చీలో కూర్చుండిపోయాడు.

నారి నిర్మూలనకు సర్కారు మనుషుల్ని తీసుకున్నప్పుడు ఆమెకు ఎమ్మిగనూరులో ఉద్యోగం వచ్చింది. పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. భుజాన గుడ్డల సంచితో ఊరూరా తిరిగింది. దిగుడుబావుల మెట్లు మూయించి, చుట్టూ గోడ కట్టించి, గిలక పెట్టించింది. ఊళ్లలో ఆమెను నారమ్మ అని పిలిచేవాళ్లు. ఉరుకుంద తిరునాళ్లలో ఎవరైనా కుంటుతూ కనబడితే కాలు చూపించమని వెంటపడేదని నవ్వుకునేవాళ్లు. హిరేబావికి కూడా వచ్చాయి ఇటుకలూ సిమెంటూ. మెట్లు మూసేసి, గిలక బిగించారు. ఆ గిలక మీద అందరూ చేదుకున్నారు, కొన్నాళ్లు గొణిగి హనుమంతమ్మను కూడా చేదుకోనిచ్చారు. ఆ మరుసటి వేసవికి ఊళ్లో ఒక్క కాలికీ నారి లేదు. రాధాబాయికి మాత్రం మెట్లు మూసిన సంగతి చెప్పవద్దని భీమరావు ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాడు. ఎంత కఠినుడైనా ఆ మాత్రం దయ ఆయనలో మిగిలి ఉంది. కృష్ణ కూడా చెప్పలేదు. వచ్చినప్పుడల్లా తల్లి దూరంగా కూర్చునేది, తిన్నావా, ఎండలో తిరగొద్దు అనేది, అంతకంటే మాట ఉండేది కాదు.

ఎనభై తొమ్మిది వేసవిలో రాధాబాయికి జ్వరం తగులుకుంది. కబురందుకుని కృష్ణ ఎమ్మిగనూరు నుంచి వచ్చేసరికి మనిషి చాపకు అతుక్కుపోయి ఉంది. పెట్టిన నీళ్లు తాగడం లేదని పిన్ని చెప్పింది. కృష్ణ చెవి దగ్గరకు వంగి, ఏం కావాలమ్మా అని అడిగింది.

"బావినీళ్లే. దిగి తెస్తావా?"

కృష్ణ లేచింది. వంటింటి మూలనున్న ఆ రాగిబిందె తీసుకుంది. బావి దగ్గర గిలక మీద చేది, ముందు ఒక బిందె తన తల మీదే పోసుకుంది. ఉద్యోగపు చీర ఒంటికి అతుక్కుంది. మళ్లీ బిందె నింపి, చంకన పెట్టుకుని, ఎవరినీ తాకకుండా, ఎవరితోనూ పలకకుండా వీధిలో నడిచింది. రోగాల గురించి ఊరూరా చెప్పే నారమ్మ మడికట్టుకుని పోతుంటే జనం నోళ్లు తెరిచి చూశారు. చూస్తూనే గోడలకు జరిగి దారిచ్చారు.

ఎమ్మిగనూరు గుడ్డతో వడగట్టి, ఉద్ధరిణె నిండా పట్టుకుని తల్లి తల కింద చెయ్యి పెట్టింది. రాధాబాయి ఆమె తడిచీర వంక, నీళ్లు కారుతున్న జడ వంక చాలాసేపు చూసింది.

"దిగినావా?"

"దిగినానమ్మా" అంది కృష్ణ. ఊరందరి ముందు నిజం చెప్పిన ఆ నోటికి ఇప్పుడు అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అప్పుడే భీమరావు గుమ్మంలోకి వచ్చి, అవేం నీళ్లు అని అడిగాడు. రాధాబాయి ఉన్న కాస్త ఊపిరీ కూడదీసుకుని, మరిదికి వినబడేలా చెప్పింది.

"మడినీళ్లు భీమప్పా. కృష్ణ తానే బావిలో దిగి తెచ్చింది."

భీమరావు కృష్ణ ముఖంలోకి చూశాడు. మెట్లకు గోడ కట్టిన రోజు దగ్గరుండి పని చేయించినవాడు ఆయనే. మంచిది వదినా అని మాత్రం అని, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, రాధాబాయి కూతురి చెయ్యి పట్టుకుంది. తలస్నానం చేయాల్సి వస్తుందని ఇన్నేళ్లూ తానుగా తాకని చెయ్యి.

"పొద్దున్నే గిలక చప్పుడు నాకు వినపడదనుకున్నావా పిచ్చిదానా? మెట్లు యాడుండాయి దిగడానికి?"

కృష్ణ తడికొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏడవొద్దు. నేనెవరికీ చెప్పనులే" అంది రాధాబాయి, అని నోరు తెరిచింది. కృష్ణ ఉద్ధరిణె పెదవుల దగ్గర పెట్టింది గానీ, సగం నీళ్లు చాప మీద ఒలికిపోయాయి.